రష్యభాషాధ్యయనమున ద్వితీయసోపానము

పరభాష నభ్యసించువానికి మొదటి యేఁడు రూపములతోఁ గడచును. లిపి, ఉచ్చారణము, విభక్తులు, క్రియారూపములు కంఠపాఠము చేసినవాఁడు పరీక్షయందుఁ దప్పఁడు. తప్పినను ఆ తప్పు కంటికిఁ గనఁబడును గావున దిద్దుట సులభము. రెండవ యేఁట నట్లు గాదు. ప్రతిపదమును వ్యాకరణసిద్ధమై యుండియు, వాక్యము వక్త తలఁచినదానిని విడిచి వేఱొకదానిఁ జెప్పుట యపుడు సంభవించును. గురువు పుస్తకము తెఱచి చూపఁబోయిన రూపమునందుఁ దప్పు దొరకదు. కళాశాలలలో రష్యనుభాషఁ జదువువారు ద్వితీయసోపానమున నడుగిడినతోడనే యెదుర్కొను చిక్కిది. ఈ చిక్కు స్వరూప మెట్టిది, సంస్కృతవ్యాకరణ మెఱిఁగినవారి కందు సాయమగునది యేది, మోసపుచ్చునది యేది యను మూఁడంశము లిచ్చట విచారింపఁబడుచున్నవి.

రష్యాదేశమున విదేశీయుల భాషాజ్ఞానమును బరీక్షించు ప్రభుత్వవిధానమునందు మెట్టుమెట్టునకును బదసంఖ్య నిర్ణయింపఁబడి యున్నది. తొలిమెట్టునకు సుమారు 780 పదములు, రెండవదానికి 1300, మూఁడవదానికి 2300. రష్యను మాధ్యమమున నచ్చటి విశ్వవిద్యాలయములఁ జదువఁగోరువారికి మూఁడవ మెట్టు ప్రవేశార్హత. రెండవ మూఁడవ మెట్ల నడుమనున్న మార్గమే యిందు ద్వితీయసోపాన మనఁబడుచున్నది. వేయి క్రొత్తపదములు నేర్చుట యుత్సాహవంతునకుఁ గష్టము గాదు. పదములు పెరిగినంతమాత్రమునఁ దీఱని కొఱఁత యొకటి యీ నడుమనే యుండుటచేత నీ మార్గము దీర్ఘముగాఁ దోఁచును.

మనదేశమున నీ యధ్యయనమునకుఁ జరిత్ర కలదు. ఢిల్లీయందు 1965లో స్థాపింపఁబడిన రష్యను అధ్యయనసంస్థ పిమ్మట జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునఁ గలిసెను. హైదరాబాదున 1958లో నాంగ్లభాషాబోధనకై వెలసిన కేంద్రసంస్థ 1972లో రష్యను మొదలగు విదేశభాషలను జేర్చుకొని, 2007లోఁ గేంద్రవిశ్వవిద్యాలయ మయ్యెను. తెలుఁగువారిలో ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి మాస్కోనగరమున ననువాదకులుగాఁ బనిచేసిరి. నేఁడు తెలుఁగునాటనుండి వైద్యవిద్యకై రష్యాకుఁ బోవు విద్యార్థులు పెక్కండ్రు. అచ్చట పాఠ మాంగ్లమున జరిగినను, ఆసుపత్రియందు రోగి పలుకునది రష్యనే. కావున నీ విచారము పండితవినోదమాత్రము గాదని గ్రహింపవలయును.

ప్రథమసోపానమున లభించు ధనము

రష్యనులిపియం దక్షరములు 33. నామములకు లింగములు మూఁడు, వచనములు రెండు, విభక్తు లాఱు. సంస్కృతపంచమి యచ్చట షష్ఠిలోఁ గలిసిపోయినది. సప్తమి యుపపదము లేక నిలువదు. అందుచేతనే రష్యవైయాకరణులు దానికి ఉపపదవిభక్తి యని యర్థమిచ్చు పేరిడిరి. చుట్టఱికపుఁ బదములు తొలిపాఠములలోనే పండితునిఁ బలుకరించును: బ్రాత్ భ్రాత, సిన్ సూనువు, వ్దొవా విధవ, నేబొ నభస్సు, ఒగోన్ అగ్ని.

ద్వివచనము పోయినను జాడ విడువలేదు. రెండు, మూఁడు, నాలుఁగు సంఖ్యలతోఁ గూడిన నామము బహువచనమున నుండక యేకవచనషష్ఠివంటి రూపమున నుండును. "ద్వా స్తొలా" యన రెండు బల్లలు. అయిదు మొదలుకొని బహువచనషష్ఠి వచ్చును: "ప్యాత్ స్తొలోఫ్" అన నయిదు బల్లలు. విద్యార్థి దీనిని నిష్కారణమైన పీడగా నెంచును. మొదటి రూపము పుట్టుకచేత ద్వివచనము. వేదమున "మిత్రావరుణా" యనునట్టి యాకారాంతద్వివచనమునకు జ్ఞాతి. ద్వివచనజ్ఞానము నశించిన పిమ్మట జనులు దానిని షష్ఠిగా భావించి, మూఁటికి నాలుగింటికిని వ్యాపింపఁజేసిరి. కారణము తెలిసినచో పీడ విషయమై మాఱును.

కొన్నిచోట్ల సంస్కృతముకంటెఁ దెలుఁగే దగ్గఱి త్రోవ చూపును. "అతఁడు వైద్యుఁడు" అనునపుడు తెలుఁగునఁ గ్రియ యక్కఱలేదు. రష్యనునను "ఒన్ వ్రాచ్" అన్నఁ జాలును. "వైద్యుఁడుగాఁ బనిచేయుచున్నాఁడు" అనుచోఁ దెలుఁగు "గా" యనునది తెచ్చు నర్థమును రష్యను తృతీయచేతఁ దెచ్చును: "ఒన్ రబోతయెత్ వ్రచోమ్". "నాకుఁ జలిగా నున్నది" యన్నట్లే "మ్నే ఖోలొద్నొ" యనుటయు, "నాకు నచ్చును" అన్నట్లే "మ్నే న్రావిత్స" యనుటయుఁ జతుర్థితోనే. ఇచ్చటఁ బాణినియుఁ దోడుపడును. రుచ్యర్థకధాతువుల యోగమునఁ బ్రీతినొందువానికి నాతఁడు సంప్రదానసంజ్ఞ విధించియున్నాఁడు గదా. ఆంగ్లమును నడుమ నుంచుకొని రష్యను నేర్చు తెలుఁగువిద్యార్థి యింటివాకిలి విడిచి దొడ్డిగోడ దూకుచున్నవాఁ డగును.

భూతకాలమును జూడుఁడు. రష్యనున భూతరూప మొక్కటియే. అది పురుషము ననుసరింపక లింగవచనముల ననుసరించును. అతఁడు వ్రాసెననుటకు పిసాల్, ఆమెకు పిసాల, నపుంసకమునకు పిసాలొ, బహువచనమునకు పిసాలి. క్రియకు లింగమేల యని యాంగ్లము చదివినవాఁ డాశ్చర్యపడును. ఇది మొదటఁ గృదంతము. దానితోడ నుండెడి "ఉండు" నర్థముగల క్రియ లోపించినది. "స లిఖితవాన్, సా లిఖితవతీ" యని క్తవతుప్రత్యయముతో భూతము చెప్పు సంస్కృతవిద్యార్థి కిందు నూతన మేమియు లేదు. ఇంతవఱకు రూపములు. వీనిలో జ్ఞాపకశక్తియుఁ దులనాత్మకజ్ఞానమును జాలును.

క్రియావిధద్వయము

ద్వితీయసోపానమున నిల్చిన ప్రధానవిషయము క్రియావిధము. రష్యనున నించుమించుగాఁ బ్రతిక్రియయు జంటయై యుండును: ఒకటి పూర్ణవిధము, రెండవది యపూర్ణవిధము. "విద్" అని రష్యవైయాకరణులు దీనికిఁ బెట్టిన పేరు చూచుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. మన విద్ ధాతువునకు జ్ఞాతి. ఒకే పనిని వక్త యేవైపునుండి చూచుచున్నాఁడో యది విధము.

జంటలు మూఁడు తెఱఁగుల నేర్పడును. ఉపసర్గచేత: పిసాత్, నపిసాత్ (వ్రాయుట). ప్రకృతిభేదముచేత: రెషాత్, రెషీత్ (లెక్క మొదలగువానిని సాధించుట). ధాతుభేదముచేత: గొవొరీత్, స్కజాత్ (చెప్పుట). ఈ మూఁడవదానిని జూచి విద్యార్థి వెఱఁగందును గాని, బ్రూఞ్ ధాతువునకు నార్ధధాతుకమున వచ్ ఆదేశమగుట నేర్చినవాఁడు వెఱఁగందఁడు. చెప్పుట యను నర్థమునందే రెండు భాషలును రెండు ధాతువులను గలిపి యొకటిగా నడపుట గమనింపఁదగినది.

రూపము లింతే. ఎచ్చట నేది ప్రయోగింపవలయు ననుటయే చిక్కు. పాఠ్యపుస్తకముల మొదటివాక్యము సాధారణముగా నిట్లుండును: పని ముగిసినచోఁ బూర్ణవిధము, జరుగుచున్నచో నపూర్ణవిధము. ఈ వాక్య మసత్యము గాదు, చాలదు. దీనిని నమ్మిన విద్యార్థి, "మీ రీ పుస్తకమును జదివితిరా?" యని యడుగుటకుఁ బూర్ణవిధమునే వాడును, చదువుట ముగిసినది గదా యని యతని తర్కము. రష్యనువాఁడు "చితాలి" యని యపూర్ణవిధముననే యడుగును. అతనికిఁ గావలసినది యా పుస్తకముతోఁ బరిచయము కలదా యనుట. "ప్రొచితాలి" యని పూర్ణవిధమున నడిగినచో, చదువుమని యిచ్చిన పుస్తకమును ముగించితిరా యని యాజ్ఞాపాలనము విచారించిన ట్లగును.

కావున మూలసూత్ర మిది: పూర్ణవిధము సమాప్తిని జెప్పును, అపూర్ణవిధము సమాప్తినిగూర్చి యేమియుఁ జెప్పదు. సమాప్తి చెప్పకుండుట వేఱు, సమాప్తి లేదని చెప్పుట వేఱు. అపూర్ణవిధమను పేరు విద్యార్థిని మొదటిదానినుండి రెండవదానికి లాగుచున్నది. 1932లో రోమాన్ యాకొబ్సన్ రష్యక్రియానిర్మాణమునుగూర్చి వ్రాసిన వ్యాసమున నీ రెంటిలోఁ బూర్ణవిధము విశేషచిహ్నము గలదనియు, నపూర్ణవిధము చిహ్నరహితమనియు నిరూపించెను. మన పరిభాషలోఁ జెప్పవలసినచో నపూర్ణవిధ ముత్సర్గము, పూర్ణవిధ మపవాదము. విశేషవివక్ష కలిగినపుడే యపవాదము ప్రవర్తించును. లేనిచో నుత్సర్గమే నిలుచును. ఈ యొక్కమాట పండితవిద్యార్థికిఁ బెక్కు పుటల నియమములకంటె నుపకరించును.

ఉదాహరణములు చూడుఁడు. "కిటికీ నెవరు తెఱచిరి?" అను తెలుఁగువాక్య మొక్కటియే. రష్యనున రెండు. "ఒత్క్రీల్" అని పూర్ణవిధమున నడిగినచోఁ గిటికీ యింకను దెఱచియే యున్నది. చలిగాలి లోనికి వచ్చుచున్నది. "ఒత్క్రివాల్" అని యపూర్ణవిధమున నడిగినచో నెవరో తెఱచిరి, మరల మూయఁబడినది. గది చల్లబడియుండుటచేత నడిగినవాఁ డూహించుచున్నాఁడు. అట్లే "మీకొఱ కొకఁడు వచ్చెను" అనుచో "ప్రిషోల్" అనిన వచ్చినవాఁడు కూర్చుండియున్నాఁడు. "ప్రిఖొదీల్" అనిన వచ్చి వెడలిపోయినాఁడు. ఫలము నిలిచినదా తొలఁగినదా యను విషయము తెలుఁగున వేఱుమాటలచేఁ దెలియవలయును. రష్యనునఁ గ్రియయే తెలుపును.

విద్యార్థి కనుభవమునకు వచ్చు నుదాహరణము మఱియొకటి. పరీక్ష కను నర్థమున "స్దవాల్" అనిన పరీక్షకుఁ గూర్చుండె ననుట. "స్దాల్" అనిన నుత్తీర్ణుఁ డయ్యె ననుట. తప్పినవాఁడు తాను పరీక్ష వ్రాసితి ననఁబోయి పూర్ణవిధమును బ్రయోగించినచో నెఱుఁగకయే గెలుపు ప్రకటించినవాఁ డగును. ఇది నవ్వులతోఁ బోవును. ఆసుపత్రియందలి తప్పు నవ్వులతోఁ బోదు. "మందు ప్రినిమాలి?" యని యపూర్ణవిధమున నడిగినచో నట్టి మందు పుచ్చుకొను నలవాటు గాని, యెప్పుడైనఁ బుచ్చుకొనుట గాని కలదా యని ప్రశ్న. "ప్రీన్యలి?" యని పూర్ణవిధమున నడిగినచో నిచ్చిన మోతాదు పుచ్చుకొంటిరా యని ప్రశ్న. రెంటికిని రోగి "అవును" అనియే యనవచ్చును. ఆ యవును దేనికో తెలియనివాఁడు రోగచరిత్రమును దప్పుగా వ్రాసికొనును.

నిషేధమునను విధభేద మర్థభేదమును దెచ్చును. "కిటికీ తెఱవవలదు" అని బుద్ధిపూర్వకకార్యమును వారించునపు డపూర్ణవిధము: "నె ఒత్క్రివాయ్తె". "మఱవకుఁడు", "పడకుఁడు" అని తలంపు లేకయే సంభవించుదానినిగూర్చి హెచ్చరించునపుడు పూర్ణవిధము: "నె జబూద్తె", "నె ఉపదీతె". మఱవవలెనని యెవఁడును మఱవఁడు, పడవలెనని యెవఁడును బడఁడు. కీడు ఫలించకుండవలయు ననుటయే వక్త కోరిక గావున ఫలమును జూపు విధమే వచ్చుచున్నది. కారణ మింత సరళముగా నుండఁగా నియమములను విడివిడిగాఁ గంఠస్థము చేయించుట విద్యార్థికి బరువు.

ఇచ్చట సంస్కృతపండితుఁడు మోసపోవు తావులును గలవు. లఙ్, లిట్, లుఙ్ లకారములు మూఁడుండుటఁ జూచి, యందొకటి పూర్ణవిధమునకు సమానమని యతఁ డూహింపవచ్చును. పాణిని వానిని విభజించినది యద్యతనానద్యతనభేదముచేతను, బరోక్షత్వముచేతను. అది కాలమునకును సాక్షిత్వమునకును సంబంధించిన విభాగము. రష్యవిధమునకు నేఁడు నిన్నలతోఁ బనిలేదు. తెలుఁగున "చదివివేసెను" అను ననుప్రయోగము పూర్ణవిధమునకు సమీపమున నున్నను, దానిని వాడకుండుట తెలుఁగున దోషము గాదు. రష్యను వక్త ప్రతిక్రియయందును రెంటిలో నొకటి నెన్నుకొనక తప్పదు. మఱియు బూర్ణవిధమునకు వర్తమానకాలము లేదు. "నపిషూ" యను రూపమున వర్తమానప్రత్యయమే యున్నను నర్థము "వ్రాసి ముగింతును" అని భవిష్యత్తు. వర్తమానసామీప్యమున లట్టు భవిష్యదర్థమున వచ్చుటను బాణిని వికల్పముగా ననుమతించెను; ఇచ్చట నది నిత్యము.

ఉపసర్గలు, గమనక్రియలు

ఉపసర్గ ధాత్వర్థమును మార్చుట మనవారి కెఱుకయే. గమ్ ధాతువునుండి యాగమనము, నిర్గమనము, సంగమము, అనుగమనము పుట్టినట్లే, పిసాత్ అనుదానినుండి పెరెపిసాత్ (మరల వ్రాయుట), ఒపిసాత్ (వర్ణించుట), జపిసాత్ (గుర్తుకై వ్రాసికొనుట), పొద్పిసాత్ (క్రింద వ్రాలుచేయుట) పుట్టినవి. వీనిలోఁ గొన్ని మన యుపసర్గలకే బంధువులు: ప్రొ యనునది ప్ర, పెరె యనునది పరి, వీ యనునది ఉద్. అయినను రష్యనున నుపసర్గకుఁ బను లిరుముడి. అర్థమును మార్చుటతోపాటు సాధారణముగాఁ గ్రియను బూర్ణవిధమునఁ జేర్చును. వ్రాలుచేయుట యను క్రొత్తయర్థముతో నపూర్ణవిధము కావలసినచో, మధ్యమునఁ బ్రత్యయముఁ జేర్చి "పొద్పీసివత్" అని సాధింపవలయును. ఉపసర్గ, ప్రత్యయము అను రెండు మెట్ల నీ ప్రక్రియ తెలిసినచో నొక్క ధాతువునుండి పది జంటలు దామే సిద్ధించును. నిఘంటువును మాటిమాటికిఁ దెఱచు పని తగ్గును.

గమనక్రియలు మఱియొక కష్టస్థానము. తెలుఁగున "పోవుట" యొక్కటి. రష్యనునఁ గాలినడక వేఱు, వాహనయానము వేఱు. వానిలో మరల నొకదిక్కునకుఁ బోవుచుండుట వేఱు, పోయివచ్చుట లేక యలవాటుగాఁ బోవుట వేఱు. నడచిపోవుటకు "ఇద్తీ", "ఖొదీత్". వాహనమునఁ బోవుటకు "యేఖత్", "యేజ్దిత్". ఇట్టి జంటలను సాధారణముగాఁ బదునాలుగుగా లెక్కింతురు: ఎగురుట, ఈఁదుట, పరుగెత్తుట, మోసికొనిపోవుట మొదలగునవి. త్రోవలో నెదురైనవాఁడు "ఎచ్చటికి?" అని యడుగఁగా నొకదిక్కు క్రియ, "ప్రతిదినము కళాశాలకుఁ బోదును" అనుటకు రెండవది. "గతసంవత్సరము మాస్కో వెళ్లితిని" అని యింటఁ గూర్చుండి చెప్పువాఁడు "యేజ్దిల్" అనవలయును; "పొయేఖల్" అనినచో బయలుదేఱిపోయె ననుటయే తెలియును, తిరిగివచ్చిన సంగతి తెలియదు. ఇచ్చటను బ్రశ్న యదియే: వక్త పయనమును దేనిగాఁ జూచుచున్నాఁడు?

కృదంతములు, స్వరము

తెలుఁగువ్యాకరణమున శత్రర్థకము, క్త్వార్థకము అనఁబడు "చదువుచు", "చదివి" యను రూపములకు సరియైనవి రష్యనున "చితాయ", "ప్రొచితాఫ్". మొదటిది యపూర్ణవిధమునుండియు, రెండవది పూర్ణవిధమునుండియు సాధారణముగాఁ బుట్టును. ఈ రెంటికిని బ్రధానక్రియకును గర్త యొక్కఁడే కావలయు నని నియమము. క్త్వాప్రత్యయమునకుఁ బాణిని చెప్పిన సమానకర్తృకత్వ మిదియే. చెహోవు 1884లో రైల్వేస్టేషనులోని ఫిర్యాదుపుస్తకముగాఁ గల్పించి వ్రాసిన హాస్యరచనయం దీ నియమభంగమే నవ్వు పుట్టించును. ఒక ప్రయాణికుఁడు వ్రాసిన వాక్యమును బట్టి, స్టేషనును సమీపించుచుఁ గిటికీనుండి ప్రకృతిని దిలకించినది యతని టోపీ యైనట్లు తోఁచును. తెలుఁగువిద్యార్థి కిచ్చట నదనపుటపాయము కలదు. "వానలు గురిసి పంటలు పండినవి" యనునపుడు గర్తలు వేఱైనను దెలుఁగున వాక్యము సరసముగానే యున్నది. దానిని రష్యనున నట్లే వ్రాసినచో వాన పంటగాఁ బండును. సంస్కృతము నేర్పిన క్రమశిక్షణమే యిచ్చట రక్షించును, మాతృభాష రక్షింపదు.

విశేషణములుగా వాడఁబడు కృదంతములు నాలుఁగు. వానిలోఁ గర్మార్థకభూతకృదంతము త, న అను రెండు ప్రత్యయములతో నుండును. మన క్తప్రత్యయము "కృత", "భిన్న" యని రెండుగాఁ గనఁబడినట్లే. ఇవి సంభాషణమున నరుదు, వ్రాఁతయందు మెండు. ద్వితీయసోపానమున విద్యార్థి పత్రికలను జదువఁ దొడఁగునపుడు వీనిని గుర్తించుటయే ముఖ్యము; స్వయముగాఁ బ్రయోగించుట పిమ్మటి పని.

స్వరమును బేర్కొనక యీ విచారము ముగియదు. రష్యనున నూనికకు నియతస్థానము లేదు. మొదటి యక్షరము నూఁది "మూక" యనిన యాతన. రెండవదాని నూఁది "ముకా" యనినఁ బిండి. ఒకే నామమున విభక్తిని బట్టి యూనిక కదలును: చేయి యనుటకు "రుకా", ద్వితీయయందు "రూకు". ఊనిక లేని ఒకార మకారమువలె వినఁబడుటచేత "మొలొకో" యని వ్రాయఁబడు పాలు "మలకో" యగును. మొదటి యేఁటి పుస్తకములలో నూనికగుర్తు లుండును, సాధారణగ్రంథములలో నుండవు. స్వరచిహ్నములతోడి సంహితను జదివినవానికిఁ జిహ్నములు లేని ప్రతి నిచ్చినట్లే యిది. వైదికోదాత్తము శ్రుతిభేదము, రష్యనూనిక బలభేదము గావున రెండు నొకటి గావు. అయినను స్వరదోషముచేత నర్థము తలక్రిందగుననుటకు ఇంద్రశత్రుకథ విన్న పండితులకు వేఱు నిదర్శన మక్కఱలేదు.

బోధనవిధానము

ఈ విషయములనుబట్టి బోధనమునకుఁ గొన్ని నిర్ణయములు దేలుచున్నవి. క్రియను జంటగా మాత్రమే నేర్పుట చాలదు. జంటలోఁ బ్రతిదానికిని సందర్భము తెలుపు వాక్యము గావలయును. ఒక్క తెలుఁగువాక్యమును జెప్పి, దానికి రెండు రష్యవాక్యములను వ్రాయించి, యవి యేయే సమయములఁ జెల్లునో విద్యార్థిచేతనే చెప్పింపవలయును. తప్పు దిద్దుటకు ముందు "నీవు చెప్పఁదలఁచిన దేమి?" అని యడుగవలయును. రెండు విధములును జెల్లుచోట నొకదానిని దప్పని కొట్టివేసిన గురువు విద్యార్థి కుపకారము చేయఁడు. గమనక్రియలను బటముపై దారులు గీచి నేర్పుట మేలు. టాల్‌స్టాయి 1872లోఁ బ్రకటించిన "కాకససు బందీ" వంటి సరళకథ నొకమాఱు కథగాఁ జదివి, రెండవమాఱు ప్రతిక్రియయొద్దను నిలిచి, కథకుఁ డావిధము నేల యెన్నుకొనెనో విచారించినచో నియమములకంటె నెక్కువ పట్టుబడును.

రూపముల విషయమున భారమును దగ్గించు మార్గమును యాకొబ్సన్ చూపెను. 1948లోఁ బ్రకటించిన వ్యాసమున నతఁడు ప్రతిక్రియకు నొక్క పూర్ణప్రకృతిని గ్రహించి, కొలఁదిపాటి విధులచే రూపములన్నియు సాధింపవచ్చునని చూపెను. పిసా యను ప్రకృతినుండి పిషూ యను రూపమున సకారము షకార మగుట విధిచేతనే సిద్ధించును, వల్లింపఁ బనిలేదు. ఇది ప్రకృతిప్రత్యయవిభాగపద్ధతియే. 1977లో జలిజ్న్యాక్ రచించిన రష్యవ్యాకరణనిఘంటువు సుమారు లక్షపదములకు రూపవిధానమును సూచించినది. ఆ విద్వాంసుఁడే 1978లో వెలువడిన సంస్కృతరష్యనిఘంటువునకు సంస్కృతవ్యాకరణసంగ్రహము వ్రాసి చేర్చెను.

ఈ సంబంధ మిప్పటిది గాదు. సెంటుపీటర్సుబర్గున జన్మించిన బోత్‌లింకు 1839-40లోఁ బాణినీయమును బ్రకటించెను. ఆ నగరపు విజ్ఞానపరిషత్తు ప్రకటించిన సంస్కృతజర్మననిఘంటువు 1855 మొదలు 1875 వఱకు వెలువడి నేఁటికిని బ్రమాణముగా నున్నది. అచ్చటివారు మన శాస్త్రమును బఠించి తమ భాషాశాస్త్రమును బెంచుకొనిరి. మన పాఠశాలలలోఁ బెక్కుచోట్ల లకారముల రూపములు వల్లెవేయింపఁబడును. లఙ్ లుఙ్ లలో వక్త దేని నేల యెన్నుకొనునో విచారించు తఱి తక్కువ. రష్యనును రెండవ యేఁటఁ జదువు తెలుఁగుబాలుఁడు "స్దవాల్", "స్దాల్" అను రెండు మాటలయొద్దఁ దొట్రుపడునపుడు, వివక్ష యను పదము నంతకుముందే వినియుండెనా లేదా యనుటపై నతని సౌకర్య మాధారపడియుండును. ఆ పదమును విననిచ్చు భారము వానికి సంస్కృతమును దెలుఁగును జెప్పిన పాఠశాలాపండితులదే.